నాసిరకం నేరం

మాలకొండయ్య బర్రెకు వీపు దురద పుట్టింది. దాంతో పెదనూతులపాడులో నేరం జరిగిపోయింది.

ఊరి మొదట్లో రెండు ఇనుప గొట్టాల మీద నిలబెట్టిన బోర్డు ఒకటుంది. 'ఇది నేరరహిత గ్రామం' అని పచ్చ రంగు మీద తెల్ల అక్షరాలు. మంత్రిగారు వచ్చి దానికి కొబ్బరికాయ కొట్టి వెళ్లారు. గొట్టాలను సిమెంటులో పాతాల్సిన కాంట్రాక్టరు ఇసుకలో పాతాడు. అది నేరం కాదు, ఆనవాయితీ. నెలలు నిండిన బర్రె మేతకు పోతూ పోతూ గొట్టానికి వీపు ఆనించి కళ్లు మూసుకుని హాయిగా రుద్దుకుంది. బోర్డు ఒకసారి ఇటు ఊగి, ఒకసారి అటు ఊగి, బోర్లా పడింది.

ఎస్సై భానుమూర్తి జీపు దిగి, శవం పక్కన కూర్చున్నట్టు బోర్డు పక్కన కూర్చున్నాడు.

"ఎంత పని చేశావయ్యా మాలకొండయ్యా. జిల్లా మొత్తానికి మిగిలింది మీ ఊరొక్కటే. నేరాలు లేవని నిన్ననే గదా పైకి రాసి పంపించా."

"నేనేం చేశా సార్. గొట్టం గట్టిగా లేదు. గడ్డపార ఇంట్లోనే ఉంది, ఇప్పుడే పాతి ఇస్తా."

"పాతితే సాక్ష్యం చెరిపినట్టు. అదింకో నేరం."

"పడేసింది బర్రె గదా."

"బర్రెకు ఆధార్ లేదు. నీకుంది. ఎక్కు."

మాలకొండయ్య జీపు ఎక్కుతూ పొరుగింటి చెంచమ్మను కేకేశాడు. "పొదుగు దిగింది చెంచమ్మా. ఇయ్యాలో రేపో అన్నట్టుంది. కాస్త చూస్తా ఉండు, పొద్దుగూకేలోపు వస్తా."

"నన్ను దగ్గిరికి రానిస్తదా అది? మీ ఆవిడ్ని తప్ప ఇంకో మనిషిని చూస్తే కాలు లేపుద్ది. నువ్వే తొందరగా వచ్చి చావు మామా."

చెంచమ్మ అన్నదాంట్లో అబద్ధం లేదు. ఆ బర్రె అంకమ్మ పెంచిన బర్రె. కిందటి ఈతలో దూడ కాలు మడతపడి అడ్డం తిరిగితే, అంకమ్మ మోచేతి దాకా చెయ్యి పెట్టి సరిచేసి, దాన్ని తిట్టుకుంటూ తల్లినీ బిడ్డనూ నిలబెట్టింది. తరువాత కొన్నాళ్లకు అంకమ్మే మంచం పట్టి పోయింది. ఆమెను నిలబెట్టడం ఎవరివల్లా కాలేదు. బర్రె పాలు ఆపేసింది. మాలకొండయ్య తవుడు పెట్టాడు, బుజ్జగించాడు, కొట్టాడు, తిరిగి తన్నులు తిన్నాడు. చివరికి ఒక ఉదయం అంకమ్మ పచ్చ చీర కట్టుకుని, కొంగు నెత్తిన కప్పుకుని పొదుగు దగ్గర కూర్చున్నాడు. బర్రె వెనక్కి తిరిగి చీరను వాసన చూసి, చేపి పాలు వదిలింది. ఆనాటి నుంచి పాడి ఉన్నన్నాళ్లూ పాలు పిండేది అంకమ్మ చీరే. ఊరు కొన్నాళ్లు నవ్వి, విసుగు పుట్టి మానేసింది. ఇప్పుడు ఈత దగ్గర పడింది. చీర ఇంట్లో దండెం మీద సిద్ధంగా ఉంది. దాన్ని కట్టుకోవాల్సిన మనిషి జీపులో ఉన్నాడు.

జీపు కోర్టుకు పోలేదు. నేరుగా పొగాకు వేలం కేంద్రానికి పోయింది.

దీనికి కారణం కొత్త చట్టం. దొంగతనానికి ఇంత, దొమ్మీకి ఇంత అని ఎప్పుడో తెల్లవాళ్లు రాసిపెట్టిన లెక్క పాతబడిందనీ, నేరాన్ని దాని నాణ్యతనుబట్టి వర్గీకరించి శిక్ష వెయ్యాలనీ ప్రభుత్వం తలచింది. నాణ్యత ఎలా చూడాలో తెలుసుకోవడానికి కమిటీ బయలుదేరింది. దారిలో టీ కోసం ఆగినచోట ఎదురుగా పొగాకు వేలం జరుగుతోంది. అధికారి వచ్చి బేలులోంచి ఆకు లాగుతాడు, వెలుగుకు పెడతాడు, వాసన చూస్తాడు, మేలు రకం, మధ్య రకం, నాసి రకం అని చెప్పి ముందుకు పోతాడు. కమిటీ టీ చల్లారిపోయింది. మన కోర్టుల్లో ఇరవై ఏళ్లు పట్టే పని ఇక్కడ ఒక తుమ్ము తుమ్మేలోపు అవుతోందని అధ్యక్షుడు కళ్లు తుడుచుకున్నాడు.

ఆ యేడు పొగాకు సరిగా రాక ఖాళీగా ఉన్న కేంద్రాన్ని ప్రభుత్వం తీసుకుంది. ఉత్తర్వు చివర ఎవరో గుమాస్తా, నీళ్లూ కరెంటూ ఆగకూడదని కాబోలు, పాత ఉత్తర్వులోని వాక్యం ఒకటి దించాడు: 'నూతన విధివిధానములు రూపొందించబడు వరకు సదరు ప్రాంగణమున ఇదివరకు అమలులోనున్న విధివిధానములే యథాతథముగా కొనసాగవలెను.' దాన్ని ఎవరూ కొట్టెయ్యలేదు. భవనంతోపాటు సిబ్బంది వచ్చారు. సిబ్బందితోపాటు వేలం వచ్చింది. కొనేవాళ్లెవరని అడిగితే, జైళ్లని తేలింది. ఖైదీ రకాన్నిబట్టి, ఉండే ఏళ్లనుబట్టి జైలుకు గ్రాంటు. అందుచేత జైళ్ల ప్రతినిధులు కంపెనీ బయ్యర్ల మాదిరిగానే నెత్తిన టోపీలు పెట్టుకుని వరస వెంట నడుస్తూ ఏళ్లు పాడేవాళ్లు. నూతన విధివిధానాలు ఇప్పటికీ రూపొందుతూనే ఉన్నాయి.

మాలకొండయ్యకు ఆ హాలు కొత్త కాదు. ఒంట్లో ఓపిక ఉన్నన్నాళ్లు పొగాకు వేసి అక్కడికే తెచ్చాడు. ధర పలికాక వేలం అధికారి రైతు వంక చూసి, "ధర సమ్మతమేనా?" అని అడగడం అక్కడి ఆనవాయితీ. గిట్టదంటే రైతు తన సరుకు తాను తీసుకుపోవచ్చు. ఎవరూ పాడని సరుకైతే ఆ ప్రశ్నే లేదు, గోడౌన్లో పడేసి మళ్లీ వేలానికి పెడతారు. మాలకొండయ్య ప్రతిసారీ తల ఊపాడు. వెనక్కి తీసుకుపోతే దాచే చోటు లేదు, వాన పడితే ఆకు బూజు పడుతుంది. ఇంటికి పోగానే అంకమ్మ అదే మాట అడిగేది. "గిట్టదని ఒక్క మాట అనలేకపోయావా? నోట్లో నాలుకుందా, ఆకుతోపాటు దాన్నీ అమ్ముకున్నావా?" పైయేడు చూద్దాం అనేవాడు. పైయేడు కూడా తల ఊపేవాడు.

అప్పటి వేలం అధికారి కృపానందమే ఇప్పుడు నేర శ్రేణీకరణాధికారి. టేబుల్ మీద పేరు పలక మారింది. ముక్కుపొడుం డబ్బీ మారలేదు.

"ఏం మాలకొండయ్యా, చాలా కాలానికి. ఏం తెచ్చావు?"

"నన్నే తెచ్చార్సార్."

ముద్దాయిలందరూ గోనెపట్టాల మీద వరసగా కూర్చున్నారు. చేతులకు పురికొసతో టికెట్లు కట్టి ఉన్నాయి. మొదటివాడు గట్టు తగాదాలో దాయాదిని నరికినవాడు. కృపానందం అతని కేసు కాగితం వెలుగుకు పెట్టి, వేళ్ల మధ్య నలిపి, వాసన చూశాడు.

"బాగా పండిన సరుకు. మూడు తరాల పగ, నిదానంగా మాగింది. ఈనె బలంగా ఉంది. మేలు రకం."

పాట ఎనిమిదేళ్ల దగ్గర మొదలై పద్నాలుగు దగ్గర ఆగింది. సెంట్రల్ జైలు కొనుక్కుంది. "ధర సమ్మతమేనా?" అని కృపానందం అలవాటు కొద్దీ అడిగాడు. "సమ్మతం, సమ్మతం" అన్నాడు వకీలు చిదంబరయ్య. ముద్దాయిల తరఫున ఆ మాట అనడానికే ఆయన పొద్దున్నుంచి నిలబడి ఉన్నాడు. ముద్దాయి మీసం సవరించుకున్నాడు. కిందటి వేలంలో ఇలాంటివాడికే పన్నెండు పలికింది మరి.

రెండో ఆయన తెల్లబట్టల్లో, సొంత కుర్చీలో కూర్చుని ఉన్నాడు. బ్యాంకు ముంచిన మనిషి. కృపానందం చెప్పులు విడిచాడు.

"నిమ్మపండు రంగు. నూనె తేలుతోంది. చేత్తో పట్టుకుంటే పట్టు పట్టుకున్నట్టుంది. ఇంత పెద్ద ఆకు మీద ఎక్కడా ఒక్క మచ్చ లేదు."

ప్రతినిధులు తోసుకుంటూ ముందుకొచ్చారు. పదేళ్లని ఒకరు, ఇరవై అని ఒకరు అరుస్తుంటే కృపానందం చెయ్యెత్తాడు. "ఆగండి. ఇది ఎగుమతి రకం. దేశీయ జైళ్లకిచ్చే సరుకు కాదు."

ఆయన్ను కుర్చీతో సహా ఎత్తి, చల్లటి కారులో పెట్టి, విమానాశ్రయానికి పంపించారు. ప్రతినిధులు నిట్టూర్చారు. "మంచి సరుకంతా బయటి దేశాలకే పోతోంది. మనకు మిగిలేది ఇదీ" అంటూ నాసి వరస వంక చూశారు.

ఆ వరసలో ఇద్దరున్నారు. ఒకరు మాలకొండయ్య. రెండోది నాగూరమ్మ. మంత్రిగారి కోసం వేసిన హెలిప్యాడ్ మీద మిరపకాయలు ఆరబోసింది.

"మంత్రిగారు దిగారా?" అడిగాడు కృపానందం.

"ప్రోగ్రాం రద్దయింది సార్" అన్నాడు ఎస్సై.

"అయ్యో. దిగుంటే మధ్య రకం. ఆ గాలికి కారం లేచి కళ్లు మండుంటే మేలు రకం. చేతికందిన అవకాశం వృథా చేసుకున్నావమ్మా."

"చాలాసేపు చూశా సామీ. ఆయన రాకపోతే నేనేం జెయ్యను. నా కాయలు మాత్రం బాగా ఎండినయ్."

తరువాత మాలకొండయ్య ముందు ఆగాడు. "బోర్డు. గొట్టం. బర్రె. ఊఁ. నేర ఉద్దేశం ఉందా?"

"ఎవురికి సార్, నాకా దానికా?"

"ఎవరికైనా."

"దానికి దురదుంది."

"దురద ఉద్దేశం కిందికి రాదు." కృపానందం కాగితం వాసన చూసి దూరంగా పట్టుకున్నాడు. "రంగు లేదు. బరువు లేదు. పేడ వాసన. నాసి రకం. పాడండి. ఏడాది? ఆర్నెల్లు? పోనీ వారం?"

ఎవరూ నోరు తెరవలేదు.

"మా దగ్గర పద్నాలుగేళ్లవాళ్లున్నారు. వాళ్ల పక్కన బోర్డు కేసు పెడితే సంస్థ గౌరవం ఏం కావాలి?" అన్నాడు సెంట్రల్ జైలు ప్రతినిధి.

ఖైదీల వ్యవసాయ క్షేత్రం నుంచి వచ్చిన సంజీవరాజు మాత్రం మాలకొండయ్య జబ్బ పట్టుకుని నొక్కి చూశాడు. "ముదురు కాడ" అని వదిలేశాడు. గుమాస్తా వచ్చి మాలకొండయ్య చొక్కా మీద సుద్దముక్కతో 'బిడ్ లేదు' అని రాశాడు.

"అయితే పోనా సార్?"

"ఎక్కడికి?"

"ఇంటికి. ఎవురూ కొనలేదుగా."

కృపానందం జాలిగా చూశాడు. "పాట పాడనిదే శిక్ష తేలదు. శిక్ష తేలనిదే ఇది బెయిలివ్వదగిన నేరమా కాదా అన్నది తేలదు. తేలని మనిషిని వదిలిపెట్టడం చట్టరీత్యా అసాధ్యం. హత్య చేసుంటే ఈపాటికి నీ దారి నువ్వు చూసుకునేవాడివి. గోడౌన్లో కూర్చో. మళ్లీ పెడదాం."

మళ్లీ పెట్టారు. మళ్లీ ఎవరూ పాడలేదు. ఒకసారి ముఖం కడిగించి పెట్టారు, ఒకసారి హంతకుల మధ్య కలిపి పెట్టారు. "పైన మంచి ఆకు పేర్చి లోపల చెత్త పెడతారా" అని ప్రతినిధులు గొడవ చేశారు.

గోడౌన్లో పాత పొగాకు ఘాటుకు నాగూరమ్మ తుమ్ముతూనే ఉంది. చెంచమ్మ సంగటి మూట పట్టుకుని వచ్చింది.

"తోక పక్కన గుంతలు పడినయ్ మామా. మేత ముట్టటం లేదు. లేస్తంది, పండుకుంటంది. నీళ్లు పెడదామని పోతే నా మీదికొచ్చింది. నువ్వొచ్చి ఆ చీర కట్టుకుంటే తప్ప అది ఎవురి మాటా ఇనదు."

గోడౌన్లో కొత్త కక్షిదారులు దొరుకుతారేమోనని వచ్చిన చిదంబరయ్య చెవికి ఆ మాట తగిలింది. ఆగాడు.

"చీరా? ఎవరి చీర?"

"చచ్చిపోయిన నా భార్యది."

"కట్టుకుని?"

"పాలు పిండుతా."

"అప్పుడు బర్రె ఏమనుకుంటుంది?"

"అంకమ్మనుకుంటది."

చిదంబరయ్య గోనెబస్తా మీద కూలబడ్డాడు. "మరణించిన స్త్రీగా వేషం ధరించి, ఎదుటివారిని నమ్మించి, వారి స్వాధీనంలోని పాలను దీర్ఘకాలంగా అపహరించుట. ఓరి నాయనా. ఇంత నేరం ఇంట్లో పెట్టుకుని నాసి వరసలో కూర్చున్నావా?"

"నా బర్రె పాలు నేను పిండుకుంటే నేరమేందయ్యా?"

"పాలు నీవే. నమ్మకం దానిది. మోసం నమ్మకానికి సంబంధించింది. నా మాట విను. ఇది ఒప్పుకుంటే మధ్య రకం ఖాయం. ఏ నెలో రెండు నెలలో పలుకుతుంది. పలికితే బెయిలు. బెయిలొస్తే పొద్దుగూకేసరికి నీ బర్రె దగ్గరుంటావు."

మాలకొండయ్య చాలాసేపు ఆలోచించలేదు. ఇంటికి పోయే దారి అదొక్కటే కనపడింది. సంతకం పెట్టాడు.

కానీ మోసం అన్నాక మోసపోయినవాళ్లు ఉండాలి. వాళ్లు వచ్చి మోసగాణ్ణి గుర్తుపట్టాలి. ఎస్సై భానుమూర్తి పనిమంతుడు. మర్నాడు హాలు ముందు లారీ ఆగింది. అందులోంచి బర్రెను పలకల మీదుగా దించారు. పచ్చ చీరను దండెం మీంచి తీసి, సంచిలో పెట్టి, లక్క ముద్ర వేసి, వస్తు సాక్ష్యమని చీటీ అంటించి టేబుల్ మీద పెట్టారు.

"నిండు చూడి బర్రెను లారీ ఎక్కిస్తారా? మీ ఇళ్లలో ఆడోళ్లు లేరా?" అన్నాడు మాలకొండయ్య. అతని గొంతు ఆ హాల్లో పైకి లేవడం అదే మొదటిసారి.

"బాధితురాలి ప్రయాణానికి సముచిత ఏర్పాట్లు చేయబడినవి" అని ఎస్సై కాగితం తీశాడు. "బాధితురాలు: నలుపు. నుదుట తెల్ల చుక్క. తండ్రి పేరు తెలియదు. అవివాహిత."

"మరి కడుపు?" అన్నాడు కృపానందం.

"అది వేరే కేసుగా నమోదు చేస్తాం సార్."

గుర్తింపు పరేడులో ముద్దాయిని పోలినవాళ్లు పక్కన నిలబడాలన్నది నియమం. అందుకని ఆరుగురు కానిస్టేబుళ్లు చీరలు కట్టుకుని వరసలో నిలబడ్డారు. ఒక్కొక్కడూ వాళ్లావిడ దగ్గర తెచ్చుకున్నాడు. పెళ్లి పట్టుచీర దొరికినవాడు కొంచెం పక్కకు జరిగి దర్జాగా నిలబడ్డాడు. మీసాలు కనపడకుండా అందరూ కొంగు అడ్డం పెట్టుకున్నారు. మాలకొండయ్యకు పచ్చ చీర ఇవ్వలేదు, అది సాక్ష్యం గనుక. నాగూరమ్మ మిరపకాయలు కప్పిన పాత గుడ్డ ఇచ్చారు.

"బాధితురాలు ముందుకు రావచ్చు" అన్నాడు కృపానందం.

బాధితురాలు ముందుకు రాలేదు. లారీ కుదుపులకీ, జనానికీ, చీరల్లో మీసాలకీ బెదిరిపోయి హాలు మధ్యలో, సరిగ్గా వేలం గీత మీద, మోకాళ్లు వంచి కూలబడింది. తోక ఎత్తింది. నీటి సంచి పగిలి గచ్చు తడిసింది.

"సాక్ష్యం చెప్పడానికి నిరాకరిస్తోందా?"

"ఈనుతోంది సార్."

"వేలం సమయంలో ఈనడానికి నిబంధన లేదే."

మాలకొండయ్యకు ఆ మాట వినపడలేదు. అతను చూసింది ఒక గిట్ట. ఒక్కటే. రెండోది బయటికి రాలేదు. కిందటిసారి లాగే కాలు లోపల మడతపడింది. దగ్గరికి పోయాడు. మిరపకాయల గుడ్డ ఘాటుకు బర్రె బుస కొట్టి, కాలు విసిరింది. గుడ్డ పీకి పారేసి మళ్లీ పోయాడు. ఈసారి కొమ్ము విసిరింది. అది ముక్కుతోంది, దూడ కదలడం లేదు. గిట్ట రంగు మారుతోంది.

"ఆ చీర ఇయ్యండి" అన్నాడు.

ఎస్సై టేబుల్‌కు అడ్డంగా నిలబడ్డాడు. "అది సీలు వేసిన వస్తు సాక్ష్యం. సీలు తీస్తే ఒక నేరం. కట్టుకుంటే చేసిన నేరమే మళ్లీ చేసినట్టు. అదీ సాక్షాత్తు అధికారుల సమక్షంలో."

మాలకొండయ్య ఎస్సైని చేత్తో పక్కకు జరిపాడు. అది మూడోది. సంచి అందుకుని లక్క ముద్ర పళ్లతో కొరికి ఊశాడు. పచ్చ చీర చుట్టుకుని, కొంగు నెత్తిన కప్పుకుని, బర్రె వెనక కూర్చున్నాడు. అంకమ్మ దాన్ని ఏనాడూ బుజ్జగించలేదు. అందుకని అతనూ బుజ్జగించలేదు.

"కదలకుండా పండుకోవే దొంగమొహమా. నీకొక్కదానికేనా నొప్పులు? ఊరందరికీ వినపడాల్నా?"

బర్రె వెనక్కి తిరిగి చీర వాసన చూసింది. తల గచ్చు మీద ఆనించింది.

మాలకొండయ్య మోచేతి దాకా చెయ్యి పెట్టాడు. కళ్లు మూసుకున్నాడు. మడతపడ్డ మోకాలు దొరికింది. అది ముక్కనప్పుడు వెనక్కి తోసి, గిట్టను అరచేతిలో పొదువుకుని, మెల్లగా సాగదీశాడు. రెండో గిట్ట బయటికొచ్చింది. "చూస్తారేందిరా, పట్టండి" అన్నాడు. చీరలు కట్టిన కానిస్టేబుళ్లు కొంగులు బిగించి వరసగా పట్టారు. పట్టుచీరవాడు అందరికంటే ముందు కూర్చున్నాడు. అది ముక్కినప్పుడల్లా లాగారు. దూడ జారి గచ్చు మీద పడింది. మాలకొండయ్య దాని ముక్కులో జిగురు తీసి ఊదాడు. అది తుమ్మింది.

"పెయ్యదూడ" అన్నాడు.

హాలంతా చప్పట్లు కొట్టింది. పట్టుచీర కానిస్టేబులు కొంగుతో కళ్లొత్తుకున్నాడు. కృపానందం మాత్రం విధి మరిచే మనిషి కాదు. ముక్కుపొడుం పీల్చి, మాలకొండయ్య చుట్టూ ఒకసారి తిరిగాడు.

"సీలు భగ్నం. సాక్ష్యం దుర్వినియోగం. పోలీసు అధికారిని పక్కకు జరుపుట. బాధితురాలిని రెండోసారి, బహిరంగంగా మోసగించుట. ప్రభుత్వ సిబ్బందిని సహనేరస్థులుగా మలచుట." ఆయన పొడుం డబ్బీ మూశాడు. "నా సర్వీసులో ఎన్నో సరుకులు చూశాను. కళ్లముందు ఇట్లా పండటం చూడలేదు. మేలు రకంలో మొదటి రకం. పాడండి."

సంజీవరాజు కళ్లు పొదుగు మీదున్నాయి. "బాధితురాలితో కలిపి తీసుకుంటాం. క్షేత్రంలో పచ్చిగడ్డి ఉంది. మోసం నిరాటంకంగా కొనసాగడానికి తగిన వసతులు కల్పిస్తాం. ఏడేళ్లు."

"పది" అన్నాడు సెంట్రల్ జైలు. "మా సూపరింటెండెంటు గారికి గేదె పెరుగంటే ప్రాణం."

"పద్నాలుగు."

"ఇరవై. దూడను కూడా తీసుకుంటాం."

"యావజ్జీవం" అన్నాడు సంజీవరాజు. "ఆయనకూ, ఆమెకూ, చిన్నదానికీ."

ఆ కేంద్రంలో ఒక లాటుకు అంత ధర ఎన్నడూ పలకలేదు. చిదంబరయ్య పరుగెత్తుకొచ్చి మాలకొండయ్యను కావిలించుకోబోయి, ఒంటిమీది జిగురు చూసి ఆగాడు. "మధ్య రకం అన్నాను. నన్నే మించిపోయావు. ఇంత ధరకు బెయిలు దొరకదనుకో. అయినా చరిత్రలో నిలబడిపోయావు."

కృపానందం వరసలో చివరి పనిగా, ఎన్నో ఏళ్లుగా అడుగుతున్నట్టే, తల ఎత్తకుండా అడిగాడు. "ధర సమ్మతమేనా?"

"సమ్మ" అన్నాడు చిదంబరయ్య. తక్కిన అక్షరం బయటికి రాలేదు. మాలకొండయ్య తడిచెయ్యి ఆయన నోటి మీదుంది.

బర్రె దూడను నాకుతోంది. నాకి నాకి మధ్యలో పచ్చ చీర అంచును కూడా ఒకసారి నాకింది. ఈ హాల్లో ఈ ప్రశ్నకు తాను ఎన్నిసార్లు తల ఊపాడో మాలకొండయ్యకు గుర్తుంది. ఇంటికి పోయాక ఏ మాట పడ్డాడో ఇంకా బాగా గుర్తుంది.

"గిట్టదు" అన్నాడు.

కృపానందం తల ఎత్తాడు. "ఏమన్నావు?"

"గిట్టదు సార్. నా సరుకు నేను తీసుకుపోతన్నా."

"ముద్దాయి శిక్ష వద్దనడమేంటి సార్" అన్నాడు ఎస్సై. "ఇదేమన్నా పొగాకా?"

కృపానందం సొరుగులోంచి ఉత్తర్వు తీసి చదివాడు. అద్దాలు తుడిచి మళ్లీ చదివాడు. యథాతథముగా అనే ఉంది. ఆయన పొగాకు వేలంలో ముప్ఫై ఏళ్లు నిజాయితీగా పనిచేశాడు. గిట్టదన్న రైతు బేలును బలవంతాన అమ్మించిన మచ్చ ఆయన మీద లేదు. గిట్టదన్న రైతూ పెద్దగా తగల్లేదు, అది వేరే సంగతి.

"యజమానికి ధర గిట్టలేదు. పాట రద్దు. సరుకు యజమాని స్వాధీనం" అన్నాడు.

"ఈయన్ను ఈయనకే అప్పగిస్తారా?"

"ఇంకెవరికి అప్పగించమంటావు? ఇతని యజమాని ఎవరో నీ దగ్గర కాగితముందా?"

ఎస్సై దగ్గర అన్ని కాగితాలూ ఉన్నాయి. అదొక్కటి లేదు.

గోడౌన్ తలుపు దగ్గర నాగూరమ్మ లేచి నిలబడింది. "నాక్కూడా ఏదో ఒక రేటు కట్టండయ్యా, వద్దని చెప్పి పోతా. అక్కడ నా కాయలు ఎత్తేవాళ్లు లేరు."

మాలకొండయ్య దూడను భుజాన వేసుకున్నాడు. బర్రెను తోలాల్సిన పని లేకపోయింది. దూడ ఎటు పోతే అటు నడిచింది. గేటు దగ్గర కాపలావాడు అలవాటుగా ఆపాడు. బయటికిపోయే సరుకు వివరం చెప్పాలి.

"ఒక మనిషి, ఒక బర్రె, ఒక దూడ" అన్నాడు మాలకొండయ్య.

"లోపలికొచ్చినప్పుడు దూడ లేదే?"

"లోపల కాపొచ్చింది."

"వెనక్కెందుకు తీసుకుపోతన్నావు?"

"ధర గిట్టలేదు."

"ఎంత పలికిందేంది?"

"యావజ్జీవం."

కాపలావాడు నోరు తెరిచాడు. పచ్చ చీరను కిందినుంచి పైదాకా చూశాడు. "అంత రేటు ఎవురికొస్తది పెద్దాయనా. ఇచ్చెయ్యకపోయావా?"

"ఆ రేటుకు ఒకామెకు ఎప్పుడో ఇచ్చేశాలే" అన్నాడు మాలకొండయ్య. జారుతున్న కొంగు నెత్తి మీదికి లాక్కుని గేటు దాటాడు.